డీఎంఎస్‌ఓ సీసా: ఏ గ్రేడు కొనాలి, ఎక్కడ కొంప ముంచుతుంది

బయోకెమిస్ట్రీ ల్యాబులో ఎవరూ రెండోసారి తేరిపార చూడని సీసా డైమిథైల్ సల్ఫాక్సైడ్‌దే, పొట్టిపేరు డీఎంఎస్‌ఓ. నీళ్లలో కరగని మందు వచ్చిందా, డీఎంఎస్‌ఓ పోసెయ్. కణాలు ఫ్రీజ్ చెయ్యాలా, డీఎంఎస్‌ఓ తీసుకురా. పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతి) బ్యాండు రావట్లేదా, ఓ చుక్క డీఎంఎస్‌ఓ వేసి చూడు. ఇన్ని పనులకూ ఒకటే సీసా. లేబుల్ మీద 99.9% అని కనబడితే చాలు, అదే సీసాతో ఏళ్లు లాగించేస్తారు. తీర్పు ముందే చెప్పేస్తాం: ద్రావణిగా దీనికి సాటి వచ్చేవి తక్కువ. కాకపోతే మందును కరిగించేశాక పక్కకు తప్పుకునే రకం కాదిది, ప్రయోగం చివరిదాకా లోపలే ఉండి తన పని తాను చేస్తుంటుంది. అందుకే కొనేటప్పుడు శుద్ధత అంకె కన్నా సీసా సైజు, మూత, చేసిన పరీక్షల జాబితా చూడాలి.

ద్రవం సంగతి

అణుభారం 78.13. 18.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, 189 దగ్గర మరుగుతుంది. సాంద్రత మిల్లీలీటరుకు 1.10 గ్రాములు. చిక్కదనం 25 డిగ్రీల దగ్గర నీటికి రెండింతల పైమాటే. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 47 చిల్లర. అణువులో ఒక కొసన గంధకం-ఆక్సిజన్ జంట ఉంటుంది, దానికి ధ్రువత్వం బాగా ఎక్కువ. రెండో వైపు రెండు మిథైల్ గుంపులు. ఆక్సిజన్ హైడ్రోజన్ బంధాన్ని అందుకుంటుంది కానీ, ఇవ్వడానికి అణువు దగ్గర తగిన హైడ్రోజన్ లేదు. లవణాల్లాంటివీ, జిడ్డు లాంటి మందులూ రెండూ ఇందులో కరగడానికి కారణం ఈ రెండు ముఖాలే. పైగా నీటితో ఏ పాళ్లలోనైనా కలుస్తుంది.

దీన్ని మొదట తయారుచేసింది రష్యన్ రసాయనవేత్త అలెగ్జాండర్ జైత్సెవ్, 1860ల్లో. పరిశ్రమలో కాగితపు గుజ్జు తయారీలో వచ్చే డైమిథైల్ సల్ఫైడ్‌ను ఆక్సీకరించి చేస్తారు. ఈ పుట్టుపూర్వోత్తరాలు ఊరికే చెప్పడం లేదు. చవక గ్రేడు సీసా తెరవగానే ముక్కుకు తగిలే కుళ్లిన క్యాబేజీ లాంటి వాసన ఆ సల్ఫైడ్ మిగులుదే. మంచి డీఎంఎస్‌ఓకు దాదాపు వాసన ఉండదు. మూత తీయగానే వాసన గుప్పుమంటే ఆ సీసాను కణాల దగ్గరికి రానివ్వకండి.

గ్రేడుల్లో తేడా

సాధారణ రియేజెంట్ గ్రేడు, మాలిక్యులర్ బయాలజీ గ్రేడు, సెల్ కల్చర్ గ్రేడు, అన్‌హైడ్రస్, స్పెక్ట్రోస్కోపీ గ్రేడు, ఫార్మకోపియా గ్రేడు అని అరడజను రకాలు అమ్ముతారు. శుద్ధత అంకె చూస్తే అన్నీ 99.5 నుంచి 99.9 మధ్యే. తేడా అంతా దేన్ని పరీక్షించారన్న దాంట్లో ఉంది. మాలిక్యులర్ బయాలజీ అని రాస్తే న్యూక్లియేజ్‌లు (డీఎన్ఏ, ఆర్‌ఎన్ఏలను కోసేసే ఎంజైములు) లేవని చూశారన్న మాట. సెల్ కల్చర్ అని రాస్తే స్టెరైల్ ఫిల్టర్ చేసి, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే విషం) కొలిచి, ఏదో ఒక కణజాతి మీద పెంచి చూశారని అర్థం. అన్‌హైడ్రస్ అంటే నీరు 50 పీపీఎం లోపు, రబ్బరు సెప్టం కింద, ఆర్గాన్ లేదా నైట్రోజన్ నింపి. అందువల్ల ఒకదాని బదులు ఇంకొకటి అనుకోవద్దు. అన్‌హైడ్రస్ సీసా ఖరీదైనది కదా అని కణాలకు వాడితే అది స్టెరైల్ అన్న హామీ ఎక్కడా లేదు. సెల్ కల్చర్ సీసా శుభ్రమైనదే అయినా యాంటీబాడీకి రంగు అంటించే ఎస్టర్ లేబులింగుకు సరిపడేంత పొడిగా ఉందని ఎవరూ చెప్పలేదు.

ఒక్క గ్రేడే కొనగలిగితే సెల్ కల్చర్ గ్రేడు, అదీ 5 లేదా 10 మిల్లీలీటర్ల ఆంప్యూళ్లలో. మందుల స్టాకులు (కరిగించి దాచుకునే గాఢ ద్రావణాలు), ఫ్రీజింగ్, పీసీఆర్ మూడూ దీంతో గడిచిపోతాయి. కణాలు బతికున్నాయా అని రంగుతో చూసే ఎంటీటీ పరీక్షలో స్ఫటికాలు కరిగించడానికి మాత్రం దాన్ని తగలేయకండి, రియేజెంట్ గ్రేడు చాలు. అరలీటరు సీసా మిల్లీలీటరు లెక్కన చవకే. అయితే అందులో సగం అయ్యేసరికి ఏం మిగులుతుందన్నదే ప్రశ్న.

నీరు పీల్చే గుణం

దీని అసలు లోపం ఇదే, సమీక్షలో సగం మార్కులు పోయేదీ ఇక్కడే. డీఎంఎస్‌ఓ గాలిలోంచి తేమను ఆత్రంగా లాక్కుంటుంది. మూత తీసి పిపెట్ పెట్టిన ప్రతిసారీ కొంచెం. ఫ్రిజ్ నుంచి తీసిన వయల్‌ను చల్లగా ఉండగానే తెరిస్తే ఇంకా ఎక్కువ, తేమ నేరుగా లోపలే చేరుతుంది. నీరు చేరినకొద్దీ స్టాకు పరిమాణం పెరిగి గాఢత పడిపోతుంది. బొటాబొటిగా కరిగి ఉన్న మందు మెల్లగా బయటికొచ్చి అడుగున పేరుకుంటుంది. పైనుంచి పిపెట్ చేసేవాళ్లకు 10 మిల్లీమోలార్ అని రాసున్న వయల్‌లోంచి 6 మిల్లీమోలార్ రావచ్చు. లేబుల్ మారదు కదా.

సీసాలో నీరు చేరిందో లేదో తెలుసుకోవడానికి నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ యంత్రమే ఉండనక్కర్లేదు. బరువులో 1% నీరు చేరితే గడ్డకట్టే ఉష్ణోగ్రత రెండు డిగ్రీల పైచిలుకు దిగుతుంది. ఒక మిల్లీలీటరును గాజు వయల్‌లో బిగించి, థర్మామీటరు పెట్టిన నీటి గిన్నెలో 15 డిగ్రీల దగ్గర ఉంచండి. మంచి సరుకైతే గట్టిగా, తెల్లటి సూదుల స్ఫటికాలుగా బిగుసుకుపోతుంది. చాలాసేపు కదలకుండా ఉంచితే గడ్డకట్టకుండా చల్లబడిపోయే అలవాటు దీనికుంది, కాబట్టి తీర్పు చెప్పే ముందు వయల్‌ను ఓసారి చిటికేయండి. అయినా ద్రవంగానే ఉంటే, లేక గుజ్జులా సగం సగం ఉంటే, ఆ సీసాను ఎంటీటీకి దించేయడం మేలు. నీటితో ఇది ఎంత దూరం పోతుందంటే, ఒక అణువు డీఎంఎస్‌ఓకు రెండు అణువుల నీరు చొప్పున కలిపిన మిశ్రమం సున్నా కింద 70 డిగ్రీల దాకా గడ్డకట్టదు.

చలిరోజుల్లో సీసా షెల్ఫు మీదే గడ్డకడుతుంది. చాలామంది కాస్త కరగగానే పైన తేలిన ద్రవాన్ని తీసుకుంటారు. తప్పు. గడ్డకట్టేటప్పుడు శుద్ధమైన డీఎంఎస్‌ఓ ముందు స్ఫటికమవుతుంది. నీరు, మలినాలు మిగిలిన ద్రవంలోకి జరుగుతాయి. సగం కరిగిన సీసాలోంచి తీసుకుంటే మురికి భాగాన్ని ఏరి తీసుకున్నట్టే. మందు స్టాకైతే మందు కూడా అలాగే ఒకచోట చేరుతుంది. 30 డిగ్రీల నీటి బాత్‌లో పూర్తిగా కరిగించి, రెండుమూడు సార్లు తలకిందులు చేసి, అప్పుడు తెరవండి. మూత వరకు నీళ్లు రానివ్వకండి.

మందు స్టాకులు

ఇక్కడ ఒక లెక్క వేసుకోవాలి. శుద్ధ డీఎంఎస్‌ఓ గాఢత సుమారు 14 మోలార్. మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) 0.1% అంటే ఏమీ లేనట్టు వినబడుతుంది, అది 14 మిల్లీమోలార్. మందు 10 మైక్రోమోలార్ వేస్తే, ప్రతి మందు అణువుకూ 1,400 డీఎంఎస్‌ఓ అణువులు కణం చుట్టూ తిరుగుతున్నాయి. చాలా కణజాతులు 0.1% పట్టించుకోవు. 0.5% వరకు ఓర్చుకునేవి ఉన్నాయి. 1% దాటితే పెరుగుదల మందగించడం, ఆకారం మారడం మామూలే. మీ కణాలకు హద్దు ఎక్కడో తెలియకపోతే 0.05 నుంచి 2% దాకా ఉత్త డీఎంఎస్‌ఓతో ఒక ప్లేటు నడపండి, ఒక్కసారి చేస్తే ఎప్పటికీ పనికొస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా కనబడే పొరపాటు డోసుల వరసలో ఉంటుంది. స్టాకును మీడియంలోనే పలుచన చేసుకుంటూ పోతే, పెద్ద డోసులో డీఎంఎస్‌ఓ 1%, చిన్న డోసులో 0.001% అవుతుంది. వచ్చిన గ్రాఫు మందుదో ద్రావణిదో ఎవరు చెప్పాలి? పలుచన చేయడమంతా శుద్ధ డీఎంఎస్‌ఓలోనే చేసి, ప్రతి డోసునూ వెయ్యి రెట్ల గాఢతలో సిద్ధం చేసుకోవాలి. తర్వాత ప్లేటులోని అన్ని బావుల్లోకీ (చిన్న గుంటల్లోకీ) సమానమైన పరిమాణం. మందు లేకుండా ద్రావణి మాత్రమే వేసే వెహికిల్ కంట్రోల్ బావిలోనూ అంతే డీఎంఎస్‌ఓ పడాలి, అదీ స్టాకు చేసిన సీసాలోంచే.

వెయ్యిరెట్ల స్టాకును నేరుగా 100 మైక్రోలీటర్ల బావిలో వేయాలంటే 0.1 మైక్రోలీటరు కొలవాలి, చేతి పిపెట్‌తో కుదిరే పని కాదు. 37 డిగ్రీల మీడియంలో ముందు వందో వంతుకు పలుచన చేసి, దాన్నుంచి 10 మైక్రోలీటర్లు 90లోకి వేయండి. మీడియం తిరుగుతుండగా స్టాకు పడాలి. నిలకడగా ఉన్న మీడియంలో వేస్తే, బరువు ఎక్కువ కాబట్టి తీగలా సాగుతూ అడుక్కి దిగి, అక్కడున్న కణాలను కాల్చేస్తుంది. మందు కూడా నీటిని చూసి ఒక్కసారిగా విరిగి బయటికొస్తుంది. వేశాక మైక్రోస్కోపులో చూడండి. సన్నటి సూదులు కనబడితే ఆ డోసు అంకె కాగితం మీదే ఉంది.

పిపెట్ చేసేటప్పుడు చిక్కదనం మర్చిపోవద్దు. మెల్లగా పీల్చి, టిప్‌ను ద్రవంలోనే ఒకటి రెండు సెకన్లు ఉంచి, బయట అంటిన చుక్కను వయల్ అంచుకు తాకించి తీయండి. గబగబా లాగితే టిప్‌లోకి తక్కువ వస్తుంది, బయట అంటుకున్నది ఎక్కువ పోతుంది.

స్టాకులను 20 నుంచి 50 మైక్రోలీటర్ల ఆలిక్వాట్లుగా (చిన్న వాటాలుగా) పంచి, సున్నా కింద 20లో పెట్టి, ఒక్కోటి ఒక్కసారే వాడటం ఉత్తమం. తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు.

ప్లాటినం ఉన్న కేన్సరు మందు సిస్‌ప్లాటిన్‌ను మాత్రం ఇందులో కరిగించనే కూడదు. డీఎంఎస్‌ఓలోని గంధకం ప్లాటినాన్ని పట్టుకుని క్లోరైడ్‌ను తోసేస్తుంది, మందు విషప్రభావం పడిపోతుంది. కరిగింది కదా, స్పష్టంగా ఉంది కదా అని సంతోషించే లోపే అణువు మారిపోయింది. 0.9% సోడియం క్లోరైడ్‌లో, అవసరమైన రోజే చేసుకోవాలి. థయోల్ (గంధకం-హైడ్రోజన్) గుంపులున్న పెప్టైడ్లదీ కొంచెం ఇదే బాధ. డీఎంఎస్‌ఓ వాటిని మెల్లగా ఆక్సీకరించి డైసల్ఫైడ్లు చేస్తుంది. పెప్టైడ్ రసాయనంలో కావాలనే దీన్ని ఇందుకు వాడతారు కూడా. ఇంకొకటి: డీఎంఎస్‌ఓ హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను మింగేస్తుంది. ఆక్సీకరణ ఒత్తిడి కొలిచే ప్రయోగంలో మందు చూపిన మేలు అనుకున్నది ద్రావణి పుణ్యమే కావచ్చు.

కణాలను గడ్డకట్టించడం

ఈ పనిలో డీఎంఎస్‌ఓకు పూర్తి మార్కులు. 1959లో జేమ్స్ లవ్‌లాక్, బిషప్ నేచర్ పత్రికలో ఈ గుణాన్ని చూపించారు, ఇప్పటికీ సెల్ బ్యాంకులు ఎక్కువగా దీని మీదే నడుస్తున్నాయి. గ్లిసరాల్ కన్నా త్వరగా పొరలోంచి కణంలోకి దూరుతుంది. లోపల మంచు స్ఫటికాలు ఏర్పడే అవకాశాన్ని తగ్గిస్తుంది, బయట ఉప్పు గాఢత ఒక్కసారిగా పెరగకుండా ఆపుతుంది.

10% చాలు, మిగతా 90% సీరం కావచ్చు, లేదా 20% సీరం, 70% మీడియం కావచ్చు. డీఎంఎస్‌ఓను సూటిగా కణాల మీద పోయకూడదు. నీటితో కలిసినప్పుడు వేడి పుడుతుంది, సీసా చేతికి వెచ్చగా తగులుతుంది. అందుకని 20% డీఎంఎస్‌ఓ మిశ్రమం ముందే చేసి, మంచులో చల్లార్చి, అంతే పరిమాణంలో ఉన్న కణాల సస్పెన్షన్‌లోకి చుక్కచుక్కగా, ట్యూబును తిప్పుతూ కలపాలి. మిల్లీలీటరుకు 10 లక్షల నుంచి 50 లక్షల కణాలు. కలిపాక పది నిమిషాల్లోపు వయళ్లు చల్లబడటం మొదలవ్వాలి. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున, ఐసోప్రొపనాల్ నింపిన డబ్బాలో సున్నా కింద 80 ఫ్రీజరులోకి. ఒకట్రెండు రోజుల్లో ద్రవ నైట్రోజన్‌కు మార్చాలి. 80 దగ్గరే నెలల తరబడి వదిలేసిన వయళ్లు తెరిచాక సగం కూడా బతక్కపోతే తప్పు డీఎంఎస్‌ఓది కాదు.

కరిగించడం దీనికి నేరుగా వ్యతిరేకం, వేగంగా జరగాలి. 37 డిగ్రీల బాత్‌లో వయల్‌ను ఊపుతూ, బియ్యపు గింజంత మంచు మిగిలేదాకా, ఒకటి రెండు నిమిషాలు. తర్వాత 9 మిల్లీలీటర్ల వెచ్చటి మీడియంలోకి మెల్లగా. సెంట్రిఫ్యూజ్‌లో 200 నుంచి 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి పైద్రవం తీసేయాలి. తిప్పితే నలిగిపోయే సున్నిత కణాలైతే అలాగే పరిచి మర్నాడు మీడియం మార్చవచ్చు, అప్పటిదాకా 1% మిగిలి ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. హెచ్‌ఎల్-60 అనే రక్తకేన్సరు కణాలకు ఆ సడలింపు లేదు. 1.25% దగ్గర కొన్ని రోజులుంచితే అవి న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్ల రక్తకణం) లాంటి కణాలుగా మారడం మొదలుపెడతాయి, దాన్నే ఒక పద్ధతిగా వాడుతున్నారు.

పీసీఆర్‌లో

జీసీ (గ్వానిన్, సైటోసిన్) ఎక్కువున్న టెంప్లేటు, అంటే నకలు తీయాల్సిన డీఎన్ఏ, ముడుచుకుని నకలు తీసే ఎంజైము పాలిమరేజ్‌కు దారివ్వనప్పుడు 3 నుంచి 5% డీఎంఎస్‌ఓ నిజంగా పనిచేస్తుంది. 50 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో అది 1.5 నుంచి 2.5 మైక్రోలీటర్లు, నీటి వాటాలోంచి తగ్గించుకోవాలి. ఒక్కో శాతానికి డీఎన్ఏ పోగులు విడిపోయే (కరిగే) ఉష్ణోగ్రత సుమారు 0.6 డిగ్రీలు దిగుతుంది, కాబట్టి 5% వేస్తే అనీలింగ్‌ను (ప్రైమర్లు డీఎన్ఏకు అతుక్కునే ఉష్ణోగ్రతను) 3 డిగ్రీలు తగ్గించండి. అది తగ్గించకుండా డీఎంఎస్‌ఓ వేసి, బ్యాండు ఇంకా బలహీనపడిందని తిట్టుకోవడం అన్యాయం. 10% దగ్గర టాక్ పాలిమరేజ్ చురుకుదనం సగానికి పడిపోతుంది. మామూలు టెంప్లేటుకు ఇది వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఎంటీటీ, యూవీ, లేబులింగ్

ఎంటీటీలో కణాలు తయారుచేసిన ఊదారంగు ఫార్మజాన్ స్ఫటికాలను బావికి 100 నుంచి 200 మైక్రోలీటర్లు పోసి కరిగిస్తే 570 నానోమీటర్ల దగ్గర చక్కగా చదవవచ్చు. మీడియం ఎక్కువ మిగిల్చేస్తే సీరం ప్రొటీను విరిగి మబ్బు కమ్ముతుంది.

యూవీలో దీన్ని నమ్ముకోకండి. 268 నానోమీటర్ల కింద ద్రావణే కాంతిని మింగేస్తుంది. 260 దగ్గర డీఎన్ఏ కొలిచే నమూనాలో 5% డీఎంఎస్‌ఓ ఉంటే పోల్చి చూసే బ్లాంకులోనూ కచ్చితంగా 5% ఉండాలి. అణువులు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని కాంతితో కొలిచే ఎస్‌పీఆర్ యంత్రాల్లోనూ ఇదే గొడవ. దీని వక్రీభవన గుణకం 1.479, నీటిది 1.333. నమూనాకూ బఫరుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా బంధం జరిగినట్టు దొంగ సంకేతం వస్తుంది.

ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ రంగుతో యాంటీబాడీకి లేబుల్ వేసే పనికి అన్‌హైడ్రస్ సీసా కొనక తప్పదు. 10 మిల్లీగ్రాములను ఒక మిల్లీలీటరులో, వాడే ముందే. తేమ తగిలిన డీఎంఎస్‌ఓలో ఎస్టర్ విరిగిపోయి రంగు ఉత్త రంగుగా మిగులుతుంది, శుద్ధి చేసే కాలమ్ దాటాక యాంటీబాడీ రంగు లేకుండా బయటికొస్తుంది. అప్పుడు యాంటీబాడీని అనుమానిస్తారు.

ఫిల్టర్లు, ప్లాస్టిక్, చేతులు

మీడియం వడకట్టే మామూలు పాలీఈథర్‌సల్ఫోన్ ఫిల్టరులో శుద్ధ డీఎంఎస్‌ఓ పోస్తే పొర కరిగిపోతుంది, సెల్యులోజ్ ఎసిటేట్, నైట్రేట్ కూడా అంతే. ద్రవం సాఫీగా దిగిపోతుంది కాబట్టి వడకట్టామనే అనుకుంటారు. 0.2 మైక్రాన్ల హైడ్రోఫిలిక్ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఫిల్టరు వాడండి. ఆటోక్లేవ్ చేయొద్దు, అవసరమూ లేదు.

నిల్వకు గాజు మొదటి ఎంపిక, పాలీప్రొపిలీన్ రెండోది. పాలీకార్బొనేట్ పగుళ్లిస్తుంది. పాలీప్రొపిలీన్ ట్యూబులనూ పూర్తిగా నమ్మలేం. తయారీలో కలిపే ఓలియమైడ్ లాంటివి ట్యూబుల్లోంచి నీటిలోకీ డీఎంఎస్‌ఓలోకీ దిగి ఎంజైముల పనిని మారుస్తాయని 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. వివరించలేని నిరోధం కనిపిస్తే, అదే లాట్ ట్యూబులో ఉంచిన ఉత్త డీఎంఎస్‌ఓనూ గాజులో ఉంచినదాన్నీ పక్కపక్కన పరీక్షించండి.

డీఎంఎస్‌ఓ దానంతటదిగా పెద్ద విషం కాదు, కాని చర్మంలోంచి చకచకా లోపలికి పోతుంది, తనతో పాటు కరిగి ఉన్నదాన్నీ మోసుకుపోతుంది. చేతి మీద పడ్డ కాసేపటికి నోట్లో వెల్లుల్లి రుచి వస్తుంది. ఒట్టి ద్రావణి అయితే అది వింత. కేన్సరు మందు స్టాకు అయితే ప్రమాదం. పలుచని నైట్రైల్ గ్లవ్ చిందిన చుక్కను కొద్దిసేపే ఆపుతుంది. పడగానే తీసేసి కొత్తవి వేసుకోండి. ఎక్కువ పరిమాణంతో పని ఉంటే బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్. ప్రొటీన్లను దించడానికి పెర్‌క్లోరిక్ ఆమ్లం వాడే బెంచి మీద డీఎంఎస్‌ఓ వేస్టు డబ్బా పెట్టకూడదు, రెండూ కలిస్తే పేలవచ్చు. ఎసిటైల్ క్లోరైడ్ లాంటి ఆమ్ల క్లోరైడ్లతోనూ ఉగ్రంగా చర్య జరుపుతుంది.

వేస్టును సింకులో పోసే అలవాటు మరొకటి. నీటితో ఇట్టే కలిసిపోతుంది, మండే గుణమూ తక్కువ, పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. డ్రెయినులో గాలి ఆడని చోట బ్యాక్టీరియా దీన్ని తిరిగి డైమిథైల్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. కొన్నాళ్లకు సింకులోంచి కుళ్లిన క్యాబేజీ వాసన వస్తుంటే గ్యాసు లీకని అందరూ కంగారుపడతారు. హాలోజన్ లేని ద్రావణుల వేస్టు డబ్బాలో వేయండి, మూత బిగించి.